బొల్లాపల్లి తండాలో గోర్ బోలి

వినుకొండలో బొల్లాపల్లి బస్సెక్కితే రెండు భాషలు వినపడతాయి. మిరప రేటు, మందు కొట్టినందుకు కూలి, టిక్కెట్టు చిల్లర, అన్నీ తెలుగులో నడుస్తుంటాయి. ఫోను మోగగానే చాలామంది నోట రెండో భాష వస్తుంది. నా ముందు సీటులో తలపాగా చుట్టుకున్న ఒకాయన "ఆరోచు, ఆరోచు" అని గట్టిగా చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి వెనక సీటులోంచి ఒకావిడ "ఆరిచు" అంది. ఇద్దరూ చెప్పింది "వస్తున్నాను" అనే. మగవాడు చెబితే రో, ఆడమనిషి చెబితే రి. తెలుగులో "వస్తున్నాను" అని కాగితం మీద రాసి ఇస్తే రాసింది ఆడో మగో చెప్పలేం. ఈ భాషలో ఆ ఒక్క క్రియ చాలు.

నేను బయలుదేరింది ఈ భాష వినడానికే. దీన్ని మాట్లాడేవాళ్ళు గోర్ బోలి అంటారు. లంబాడీ, లమాణీ, బంజారా అని తక్కిన ప్రపంచం పిలుస్తుంది. పల్నాటి ఊళ్ళలో సుగాలి భాష అనడమూ ఉంది. వాళ్ళలో వాళ్ళు గోర్, మనబోటి బయటివాళ్ళం కోర్. బొల్లాపల్లి మండలంలో ఊరు దాటితే తండా, తండా దాటితే మళ్ళీ ఊరు. పడమటి దిక్కున నల్లమల కొండలు కనపడుతూనే ఉంటాయి. కంది, పత్తి, మిరప చేలు. కాలువ నీళ్ళు లేని మెట్ట నేల. వరికపూడిసెల ఎత్తిపోతల పథకం కోసం ఇక్కడివాళ్ళు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో చెప్పనక్కర్లేదు. 2023 నవంబరులో మాచర్లలో దానికి శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఏ అరుగు మీద కూర్చున్నా ఆ మాట రాకుండా పోదు.

బొల్లాపల్లిలో దిగి టీ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన ఏం పని మీద వచ్చానని అడిగాడు. చెప్పాను. "అదేం భాషండీ! సగం హిందీ, సగం మరాఠీ, మిగిలింది తెలుగు. రాయటానికి లిపి కూడా లేదు" అన్నాడు. ఆయన మాటలో చిన్నచూపు లేదు. తండావాళ్ళతో పాలేరుతనాలు, పొత్తు వ్యవసాయాలు, చేబదుళ్ళు అన్నీ చేసిన మనిషి. తరాలుగా పక్కపక్కనే ఉండి కూడా ఆ భాషకు సొంత లెక్క ఒకటి ఉందని ఎవరూ ఆయనకు చెప్పలేదు, అంతే. ఈ మాట నేను పల్నాటిలోనూ ప్రకాశం జిల్లాలోనూ చాలాచోట్ల విన్నాను. విన్న ప్రతిసారీ బాధేసింది. గోర్ బోలి కలగాపులగం కాదు. దానికి కచ్చితమైన ధ్వని సూత్రాలున్నాయి, పట్టుగల వ్యాకరణం ఉంది. కూర్చుని వింటే ఒక్క పూటలోనే కొంత పట్టుబడుతుంది.

నన్ను తండాకు తీసుకెళ్ళింది వినుకొండలో డిగ్రీ చదివే ఒక కుర్రాడు. వాళ్ళ నాయనమ్మ దగ్గర కూర్చోబెడతానన్నాడు. తండా మొదట్లోనే బంజారాల గురువు సేవాలాల్ గుడి, తెల్లజెండా. పక్కన వేపచెట్టు కింద మంచాలు. అవ్వ ఇప్పటికీ ఫేటియా అనే లంగా, కాంచళి అనే రవికె కడుతుంది. అద్దాలు కుట్టిన ఆ రవికె చేతులు ఎండకు మెరుస్తున్నాయి. "రామ్ రామ్" అని పలకరించాను. "ఆవ్, బేస్" అంది. రమ్మని, కూర్చోమని. తర్వాత తెలుగులో "మా బాస నేర్చుకొని ఏం జేస్తావ్ నాయనా? ఉజ్జోగం వస్తదా?" అని నవ్వింది.

"ఊరికే విందామని వచ్చానవ్వా."

"ఊరికే ఎవరొస్తారు!" అని లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "పాణి పీ."

ఆ పాణి దగ్గరే ఆగిపోయాను. హిందీలో పానీ అంటారు. ఇక్కడ ణ. గట్టిగా, నాలుక మడిచి పలికే ణ. మార్వాడీలు, గుజరాతీలు, మరాఠీలు కూడా ఇలాగే అంటారు. సంస్కృతంలో అది పానీయం, అక్కడున్నది న. అవ్వను చెవి చూపించి అడిగాను. "కాన్" అంది. సంస్కృతంలో చెవి కర్ణం, అక్కడున్నది ణ. అంటే పాత భాషలో న ఉన్నచోట వీళ్ళకు ణ వచ్చింది, ణ ఉన్నచోట న వచ్చింది. పైకి చూస్తే తారుమారు. లోపల సూత్రం ఉంది. పడమటి భారతంలోని ఈ భాషలన్నిటిలోనూ రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్న న కాలక్రమంలో ణ అయింది. కర్ణం ముందు ప్రాకృతంలో కణ్ణ అయింది, అంటే జంట హల్లు. ఆ జంట తర్వాత ఒకటిగా తగ్గినప్పుడు న్ గా మిగిలింది. ల, ళ ల సంగతీ ఇంతే. నలుపుకు సంస్కృతంలో కాల, అవ్వ నోట కాళో. తెలుపుకు ధవల, అవ్వ నోట ధోళో. (మన ధవళేశ్వరంలోనూ ళే ఉందని కుర్రాడే అన్నాడు.) పువ్వుకు మాత్రం ఫూల్, ఎందుకంటే దాని మూలం ఫుల్ల, జంట ల. బడి మెట్లు ఎక్కని అవ్వ ఒక్క మాటలోనూ ఈ సూత్రం తప్పలేదు. వెయ్యేళ్ళ నాటి తేడాను ఆమె నాలుక ఇంకా పాటిస్తోంది. కలగాపులగం భాషలో ఇంత క్రమం ఎలా కుదురుతుంది?

వత్తులు కూడా అలాగే. తెలుగు రాతలో ఖ, ఘ, ఛ, ధ, భ ఉన్నా పల్నాటి మాటలో వాటిని నిండుగా పలికేవాళ్ళు తక్కువ. భయం బయమే, ధనం దనమే. అవ్వ ఘర్ అంటే ఘ లోంచి గాలి బయటికొస్తుంది. భూక్ అంటే ఆకలి, ఖేత్ అంటే పొలం. ఆ మాటల్లో ఇంకో సంగతి ఉంది. అన్నీ హల్లుతో ఆగిపోతాయి. తెలుగు అచ్చుతో ముగిసే భాష. బస్ వస్తే బస్సు చేసుకుంటాం, కార్ వస్తే కారు. అందుకే తండా పక్క ఊళ్ళలోని తెలుగువాళ్ళు వచ్చిన నాలుగు ముక్కలూ మాట్లాడేటప్పుడు ఘరు, ఖేతు అంటారు. అర్థం చెడదు గానీ తండా పిల్లలు వెంటనే పసిగడతారు.

కుర్రాడు ఒక నోటుపుస్తకం తెచ్చాడు. తన భాష మాటలు తెలుగు లిపిలో రాసుకుంటున్నాడు. కర్ణాటకలో ఈ భాషను కన్నడ లిపిలో రాస్తారు, మహారాష్ట్రలో దేవనాగరిలో. లిపి వేరైతే భాష వేరైపోదు. తెలుగు లిపి దీనికి బాగానే సరిపోతుంది. ణ, ళ, వత్తులు, పొల్లులు అన్నీ మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. తెలుగు మాటలు రాసేటప్పుడు పొల్లుతో మనకు పని తక్కువ. ఈ కుర్రాడి పుస్తకంలో ప్రతి పంక్తిలోనూ పొల్లే.

మేకలు ఇంటికొచ్చే వేళయింది. నల్ల మేకను చూపించి ఏమంటారని అడిగాను. "కాళి ఛేళి." నల్లబ్బాయి అయితే? "కాళో ఛోరా." నల్లపిల్ల? "కాళి ఛోరి." పెద్ద ఇల్లు మోటో ఘర్. పెద్ద రొట్టె మోటి బాటి. తెలుగులో నల్ల మేక, నల్ల పిల్లాడు, నల్ల రాయి అంటే నల్ల మారదు. ఇక్కడ ప్రాణం లేని వస్తువుకు కూడా పుంలింగమో స్త్రీలింగమో ఉండాలి. ముందున్న విశేషణం, వెనకున్న క్రియ దానికి తగ్గట్టు మారాలి. కొత్తగా వచ్చిన వస్తువుకైనా ఏదో ఒక లింగం ఇవ్వక తప్పదు. ఇంకో వైపు చూస్తే, అతను, ఆమె, అది అనడానికి ముగ్గురికీ ఒకటే మాట, "ఊ". మనకున్న వాడు, అతను, ఆయన, వారు అనే మెట్లు ఆ సర్వనామంలో లేవు. ఊ జారోచ అంటే అతను వెళ్తున్నాడు, ఊ జారిచ అంటే ఆమె వెళ్తోంది. మనం సర్వనామంలో చెప్పేది వాళ్ళు క్రియలో చెబుతారు.

ఈ తేడా బడిలో ఏం చేస్తుందో కుర్రాడు చెప్పాడు. ఒకటో తరగతిలో ఉండగా గాలివానకు పూరిల్లు పడిపోయింది. మర్నాడు పంతులు అడిగితే "ఇల్లు పడిపోయాడు" అన్నాడట. తరగతి అంతా గొల్లున నవ్వింది. చాలా రోజులు నోరు తెరవలేదట. ఆరేళ్ళ పిల్లాడు తప్పు లెక్క కట్టలేదు. వాళ్ళమ్మ భాషలో ఘర్ పుంలింగం. ఆ లెక్క తెలుగులోకి తెచ్చాడు. నిజానికి అటువైపు నుంచి చూస్తే తెలుగు లెక్కే వింతగా ఉంటుంది. "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" అని ఒకటే అంటాం. అదే బహువచనంలో ఆడవాళ్ళు వచ్చారు, బస్సులు వచ్చాయి అని విడదీస్తాం. ఏకవచనంలో ఆడమనిషిని వస్తువుల వైపు, బహువచనంలో మగవాళ్ళ వైపు ఉంచే ఈ పద్ధతి మనకు పుట్టుకతో వచ్చింది కాబట్టి ఎప్పుడూ కనపడదు. గోర్ బోలితో పెరిగిన బిడ్డకు దాన్ని ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేసే పని మొదలైంది. సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియాలతో పాటు బంజారా భాష కూడా అందులో ఉంది, తెలుగు లిపిలోనే. ముందు అమ్మభాషలో చదవడం, నెమ్మదిగా తెలుగులోకి రావడం దాని పద్ధతి. ఈ కుర్రాడు ఆ పుస్తకం చూడలేదు. చూసి ఉంటే ఆ మాట దగ్గర పంతులుకే ఒక ఆధారం దొరికేది. అలాంటి పుస్తకం మెట్ట పల్నాటిలో ప్రతి తండా బడిలోనూ ఉండాలని నా గట్టి కోరిక.

చీకటి పడుతుండగా అవ్వ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తూ మనవడితో ఏదో అంది. అందులో "ఆపణ్" అన్న మాట పట్టుకున్నాను. "ఆపణ్ బాటి ఖావా." గోర్ బోలిలో మేము అంటే హమ్, మనం అంటే ఆపణ్. హమ్ అని ఉంటే తినేది వాళ్ళిద్దరే. ఆపణ్ అంది కాబట్టి నాకూ రొట్టె వేస్తోంది. హిందీవాళ్ళకు రెండిటికీ కలిపి హమ్ ఒక్కటే. ఇంగ్లీషులోనూ అంతే. గుజరాతీ, మరాఠీ, రాజస్థానీ భాషల్లో మాత్రం ఈ తేడా ఉంది. అది ద్రావిడ భాషల పొరుగు వల్ల వచ్చిందని భాషావేత్తలు చాలామంది అంటారు. అదే నిజమైతే ద్రావిడ భాషలకూ గోర్ బోలికీ పరిచయం ఈ తండా వెలిసిన నాటిది కాదు, చాలా పాతది.

మేము, మనం సంగతి ఇంకా దూరం పోతుంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలికి ఫిజీ వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు. పసిఫిక్ మహాసముద్రంలోని ఆ దీవుల మూలవాసుల భాషలో ఈ తేడా మనకంటే ముదిరి ఉంది. మనం ఇద్దరమైతే కెందారు, కొద్దిమందిమైతే కెందతౌ, చాలామందిమైతే కెంద. మేమిద్దరమైతే కెయిరౌ, కొద్దిమందిమైతే కెయితౌ, చాలామందిమైతే కెయిమామి. వాళ్ళ రాతలో న్ కనపడదు. ద రాసి ంద అని పలుకుతారు, ఆ ధ్వని ఎప్పుడూ ముక్కుతోనే వస్తుంది. నాది అని రాసే విమానాశ్రయం ఊరి పేరు పలకడంలో నాంది. మనం మేము తేడా తెలిసిన తెలుగు కూలీకి ఆ దీవి భాషలో ఈ భాగం కొత్తగా ఉండదు. ఎంతమంది అన్నదే కొత్తగా నేర్వాలి. గోర్ బోలి మాట్లాడేవాడికీ అంతే.

రొట్టె తింటూ కాదు, లేదుల సంగతి అడిగాను. తెలుగులో లేదనడం క్రియ లోపలే కలిసిపోతుంది. వస్తాను, రాను. వస్తావు, రావు. గోర్ బోలిలో చివర ఒక మాట వచ్చి కూర్చుంటుంది: కోని. ఉన్నది లేదనడానికి ఇంకొకటి: చేని. రాజస్థాన్ ఎడారి ఊళ్ళలో ఇప్పటికీ కోని అంటారు. క్రియ పక్కన ఆ రెండక్షరాలు వినగానే ఈ భాష ఎక్కడినుంచి నడిచి వచ్చిందో తెలిసిపోతుంది.

నడిచి అని ఊరికే అనడం లేదు. బంజారాలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా వెళ్ళడం చూసి రాసిపెట్టాడు. తీరం ఉప్పు దక్కనుకు ఎక్కాలన్నా, సైన్యాలకు తిండి గింజలు చేరాలన్నా వీళ్ళే దిక్కు. రైళ్ళు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. 1871 నేరస్థ జాతుల చట్టం వీళ్ళలో కొన్ని గుంపుల మీద దొంగ ముద్ర వేసింది. అది చెరిగింది 1952లో. పశువుల మేతకు అనువైన అడవి అంచుల్లో తండాలు స్థిరపడ్డాయి, బొల్లాపల్లి చుట్టూ ఉన్నవీ అలాంటి చోట్లే.

భాష సంగతి చూస్తే లెక్కల్లో ఇది ఎప్పుడూ ఒక మూలనే ఉంది. జార్జి గ్రియర్సన్ భారతీయ భాషల సర్వే తొమ్మిదో సంపుటం మూడో భాగం 1907లో వచ్చింది. అందులో బంజారీ లేదా లభానీ పేరుతో ఈ భాష ఉంది, దాని పునాది పశ్చిమ రాజస్థానీ అని తేల్చి చెప్పారు. కానీ ఆ సర్వే మద్రాసు రాష్ట్రంలో, హైదరాబాదు, మైసూరు సంస్థానాల్లో జరగలేదు. పల్నాడు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోది. కాబట్టి ఈ తండాల ముత్తాతల మాట ఆ పెద్ద పుస్తకాలకు ఎక్కనే లేదు. 1970లో రోనాల్డ్ ట్రయిల్ లమాణీ వ్యాకరణం అచ్చయింది. ఇక 2011 జనాభా లెక్కల్లో లమాణీ, లంబాడీ అని చెప్పుకున్నవాళ్ళు 32 లక్షల పైచిలుకు, బంజారీ అన్నవాళ్ళు మరో 15 లక్షలు దాటారు. వాళ్ళందరినీ హిందీ కింద కలిపి చూపించారు. కాళో అనేవాడికీ కాలా అనేవాడికీ మధ్య, ఆపణ్ ఉన్న భాషకూ లేని భాషకూ మధ్య ఎంత దూరం ఉందో అవ్వ దగ్గర ఒక సాయంత్రం కూర్చున్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ భాషను హిందీలో కలపడం అన్యాయం అంటాను.

రొట్టెలయ్యాక కుర్రాడు ఢావ్లో వినిపించమని నాయనమ్మను బతిమాలాడు. పెళ్ళికూతురు అత్తగారింటికి వెళ్ళేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడేది ఢావ్లో. పెళ్ళికి ముందే పెద్దవాళ్ళు ఆడపిల్లలకు నేర్పుతారు. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళు తగ్గారు. అవ్వ మొదట ఒప్పుకోలేదు. "పెళ్ళి లేకుండా ఏడుస్తారా యాడన్నా?" అంది. తర్వాత తనే కొంగు సర్దుకుని కొద్దిగా ఎత్తుకుంది.

ఆ మాటలు ఇక్కడ రాయను, అవి ఆమెవి. విన్న తీరు మాత్రం చెప్పాలి. ఇందాక మాటల్లో హల్లుతో టక్కున ఆగిన భాష, పాటలోకి రాగానే అచ్చులు సాగదీసింది. యాడి అంటే అమ్మ. పిలుపులో ఆ చివరి ఇకారం ఊపిరి ఉన్నంతసేపూ సాగింది. తండ్రి పిలుపు బా పొట్టిది, దాన్ని రెండు మూడు సార్లు విరిచి పలికింది. ఏడుపులో మాట ఎక్కడ ముగుస్తుందో అక్కడే వెక్కిలి పడుతోంది, మాట మధ్యలో ఒక్కసారి కూడా పడలేదు. ణ, ళ లు పాటలో కూడా మెత్తబడలేదు. వాక్యం చివర క్రియ దగ్గర గొంతు దిగుతుంది, మళ్ళీ పిలుపు దగ్గర లేస్తుంది. ఎవరిని పట్టుకుని ఏడుస్తోందో పిలుపును బట్టి తెలుస్తుంది కాబట్టి, పిలుపు పాటంతటికీ మొదలు. ఆపేశాక కళ్ళు తుడుచుకుని "మా యాడి నేర్పింది. ఆమె పాడితే ఊరంతా ఏడ్చేది" అంది.

కుర్రాడు దాన్ని ఫోనులో ఎక్కించుకున్నాడు. ఆ మాటలు నోటుపుస్తకంలోకి దించుతూ ఒక్కో అక్షరానికీ ఒక పేజీ చొప్పున సర్దుతున్నాడు, మన నిఘంటువుల పద్ధతిలో. క పేజీ నిండింది. ఘ పేజీలో పది దాకా ఉన్నాయి. ణ పేజీ దగ్గర ఆగి, "దాదీ, ణ తో మొదలయ్యే మాట చెప్పు" అన్నాడు. ఆమె ఆలోచించింది. పాణి అంటూ ఏవేవో అంది, అన్నీ మధ్యలో ఉన్నవే. నన్నడిగాడు. సాయంత్రం నీళ్ళ చెంబు దగ్గర చెప్పుకున్న సంగతి గుర్తుచేసుకోమన్నాను. ఒంటరిగా, రెండు అచ్చుల మధ్య ఉంటేనే న ణ గా మారుతుంది. కుర్రాడు పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. "మాట మొదట్లో దానికి ముందు అచ్చు ఉండదు కదా సార్. అంటే ఆ పేజీ ఖాళీయే. ళ పేజీ కూడా" అని, ఆ రెండు పేజీలూ కొట్టేసి వాటి వెనక ధ తో మొదలయ్యే మాటలు రాయడం మొదలుపెట్టాడు. మొదటిది ధోళో.